నున్నటి చెయ్యి

పోయిన వారం పుష్పావతిని వీధి వాకిట్లో, తాడిమర్రి కబురు చెవిన పడిన చోటే నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. తాడిమర్రిలో ఇద్దరు పిల్లలకు అమ్మవారు, అంటే మశూచి, పోసిందట. ఆ మాట విన్నప్పటి నుంచి పాపం ఆమెకు అన్నం సహించలేదు.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టిన వాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం. పుష్పావతి హిందూపురం పిల్ల. అక్కడ ఎనిమిదో తరగతి దాకా చదివి, ధర్మవరంలో పట్టుచీరలు నేసే ముత్యాలప్పను కట్టుకుని ఈ వీధికి వచ్చింది. ఆ చదువు చూసే ఆరోగ్య కేంద్రం వాళ్ళు పిలిచి, వీధిలోని తల్లులకు మంచీ చెడ్డా చెప్పే పని అప్పగించారు. చెప్పే పనే కదా, చేసే పని కాదు కదా అని అత్త కుళ్ళాయమ్మ కూడా అడ్డు చెప్పలేదు.

చెప్పడంలో మాత్రం పుష్పావతిని మించినవాళ్ళు లేరు. పోయిన ఆషాఢంలో ఫ్లూ జ్వరం ఊరి మీద పడినప్పుడు ఈ వీధిని కాచింది ఆమే. దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకోమంది. జ్వరం వచ్చిన బిడ్డకు వేరే చాప వేయించింది. మగ్గం మీది పాత పడుగుకు కొత్త పడుగు అతికేటప్పుడు ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని, వేలు నాలుకకు తాకించి పోగుకు పోగు మెలిపెడతారు. అది తాతల నాటి పద్ధతి. ఆ ఎంగిలి వేలు మాన్పించి, వేలు అద్దుకోవడానికి పక్కన బూడిద పెట్టించింది. జ్వరం ఉన్న ఇల్లు ఏదో అందరికీ తెలియాలని, ఆ ఇంటి తలుపుకు వేపమండ కట్టాలని కట్టడి చేసింది. ఎదురింటి యల్లక్క తన బిడ్డ జ్వరం దాచిపెడితే, నడివీధిలో నిలబెట్టి, "జ్వరం దాచేది తల్లి కాదు యల్లక్కా" అని కడిగేసింది. యల్లక్క ఏడ్చి, వేపమండ కట్టి, ఆనాటి నుంచి పుష్పావతికి నీడలా తిరుగుతోంది. ఫ్లూ ఈ వీధిలో ఒక్క పసిబిడ్డను కూడా తీసుకుపోలేదు.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా టీకాతో వచ్చింది. ఫ్లూకు టీకా ఉందా అని ఆనాడు తల్లులు అడిగితే, మనకు దొరికేది దానికి లేదు, అమ్మవారికైతే ఉంది, అది వేయించండి అని చెప్పింది. ఈ వీధికేమో టీకా పొక్కు లేచిందంటే అమ్మవారు చిన్న రూపంలో ఇంట్లో అడుగుపెట్టినట్టే. ఆమె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తాలింపు వేయకూడదు, మగ్గం చప్పుడు చేయకూడదు. పొక్కు ఎండి చెక్కు రాలేదాకా మగ్గంలో పోగు నడిపే నాడె కదలదు. అందుకని ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట, "ఈ చీర దిగనీ." ఆ చీర దిగగానే ఇంకో చీర ఎక్కుతుంది. నేసేవాళ్ళ ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంటే పొయ్యి కూడా ఖాళీగానే ఉంటుంది మరి.

ఆ మాట ఎక్కువసార్లు అనుకున్నది ఎవరనుకున్నారు? పుష్పావతే. కూతురు చౌడేశ్వరికి నాలుగో ఏడు నడుస్తోంది. దాని చేతికి ఇప్పటిదాకా టీకా పడలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో, మగ్గం మీద చీర ఉండగా టీకా మాట ఎత్తొద్దని అత్త ఒక్కసారి అంది. ఆ ఒక్క మాటను పట్టుకుని పుష్పావతి ఏనాడూ అడగనే లేదు. అడిగితే ఇంట్లో రచ్చ అవుతుందని భయం. కానీ వీధిలో తల్లులు, "మరి నీ బిడ్డకు ఏయించినావా?" అని అడిగినప్పుడు మాత్రం మాటకు తడుముకోలేదు. "ఎప్పుడో ఏయించినా, ఇందుపురంలో మా అమ్మోళ్ళింట్లో" అనేసింది. ఒకసారి అన్నాక రెండోసారి అనడం సులువు. మూడోసారికి అది నిజంలాగే వినిపించింది.

పెనుకొండ నుంచి నర్సు రంగమ్మ ఈరోజు టీకా మందుతో వస్తోంది. ఇదీ మనం ఆగిన చోటు.

పొద్దున్నే చౌడిని లేపబోతే మెడ దగ్గర వెచ్చగా తగిలింది. పుష్పావతి చెయ్యి తీసి, కొంగుకు తుడుచుకుని, మళ్ళీ పెట్టి చూసింది. దుప్పటి కప్పుకుని పడుకుంది కదా, ఆ వెచ్చదనమే అనుకుంది. వేరేవాళ్ళ బిడ్డ మెడ అయితే అలా అనుకునేదా? తలుపుకు వేపమండ కట్టించేదాకా ఆ గడప వదిలేది కాదు.

ఆమె తొందర ఆమెది. తల్లులు రాకముందే భజన మందిరానికి పోవాలి. రంగమ్మ రాగానే కాళ్ళావేళ్ళా పడైనా చౌడికి ముందు టీకా వేయించేయాలి. నలుగురూ చేరేసరికి గౌను చెయ్యి కిందికి లాగేస్తే సరి, నిన్నటి అబద్ధం నేటికి నిజమైపోతుంది. ఒళ్ళు వెచ్చగా ఉన్న బిడ్డకు టీకా వేయరని ఆమెకు తెలుసు. అందుకే ఆ వెచ్చదనం దుప్పటిది కావాలని అంత గట్టిగా కోరుకుంది. ఎండలు ముదురుతున్న ఫాల్గుణంలో బిడ్డకు పొడుగు చేతుల గౌను తొడిగింది.

మగ్గం గుంతలో ముత్యాలప్ప అప్పటికే కూర్చున్నాడు. ఉగాదికి చౌడేశ్వరమ్మకు కట్టే చీర నేస్తున్నాడు. అత్త కుళ్ళాయమ్మ గోడకు ఆనుకుని రాట్నం తిప్పుతోంది. పట్టుపోగులు చూసి చూసి ఆమె కళ్ళకు పొర కమ్మి, ఇప్పుడు చేతి వాటంతోనే పని చేస్తోంది.

"బిడ్డను యాడికి తీసకపోతాండావు మే, ఇంత పొద్దున్నే?"

"భజన గుడి కాడికి అత్తా. రంగమ్మ నర్సు వస్తాంది."

"ఈ పాపకేం పని ఆడ? దీనికి ఏయించినావు గదా."

పుష్పావతి కాలు గడప దగ్గరే ఆగింది. ఆ మాట అత్త చెవిన ఎవరు వేశారు? వెనక్కి తిరిగి చూస్తే ముసలామె మొహంలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. రాట్నం తిరుగుతూనే ఉంది. "ఊరికే, తోడుకు" అని గొణిగి బయటపడింది.

అనుకున్నట్టు జరిగితే మనకు కథ ఎందుకు? ఆ రోజు పెనుకొండ నుంచి వచ్చే ప్యాసింజరు బాగా ఆలస్యమైంది. రంగమ్మ కోసం చూస్తుండగానే తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని చంకనేసుకుని వచ్చేశారు. భజన మందిరం వసారా నిండిపోయింది. చౌడి ఎవరు పిలిస్తే వాళ్ళ ఒళ్ళో కూర్చుంటోంది. యల్లక్క పెద్దకూతురు ఈశ్వరి దానికి జతగత్తె. ఈశ్వరి చేతిలో ఒక బొరుగుల ఉండ ఉంది. ఈశ్వరి ఒకసారి కొరికి చౌడి నోటికి అందిస్తోంది, చౌడి కొరికి ఈశ్వరికి అందిస్తోంది. పుష్పావతి అది చూసింది. చూసి, తల తిప్పుకుంది.

రంగమ్మ చెమటలు కక్కుకుంటూ వచ్చి, మందు పెట్టె తెరిచి, స్పిరిట్ దీపం వెలిగించింది. టీకా వేసేందుకు చేతి మీద తిప్పే ముళ్ళ బిళ్ళను ఆ మంటలో కాల్చి చల్లార్చడం చూసి తల్లులు వెనక్కి జరిగారు.

"ఉగాది పెట్టుకోని మగ్గం నిలబెట్టమంటే మా ఇంట్లో ఒప్పుకోరమ్మా" అంది ఒకామె.

"అమ్మ తాడిమర్రిలో ఉంటే మనమేంటికి ఈడికి పిల్చుకోవల్ల?" అంది ఇంకొకామె.

మామూలుగా అయితే ఈపాటికి పుష్పావతి లేచి ఇద్దరి నోళ్ళూ మూయించేది. ఈరోజు ఆమె స్తంభం పక్కన కూర్చుని, చౌడి గౌను చెయ్యి మణికట్టు దాకా లాగుతోంది. అది చూసి యల్లక్క, పాపం అలసిపోయినట్టుంది, ఈసారికి నేనే చెబుదాంలే అనుకుంది. పైట బిగించి లేచి నిలబడింది.

"ఏంటికి ఇంత భయపడ్తాండారు మీరంతా? పుష్ప చెప్పిందని పోయిన నెల నా సంటిదానికి ఏయిస్తి. చెయ్యి వాచింది. జరం వచ్చింది. మా మగ్గం నిలబడింది, మా ఆయప్ప నన్ను తిట్టని తిట్టు లేదు. అన్నీ పడితి. ఇప్పుడు చూడండి, దాని చెయ్యి మానిపోయింది. ఈ పొద్దు నా పెద్దదానికి అందరి కన్నా ముందు ఏయిస్తా. నాకింత ధైర్యం యాడిదనుకొన్యారు? పుష్ప తన బిడ్డకు చేయంది మన బిడ్డలకు చెప్పదు. ఫ్లూ అప్పుడు చూడలేదా మీరు?"

తల్లులు తలలు ఊపారు. ఆ మాట వాళ్ళకు పట్టింది. యల్లక్కకు హుషారు వచ్చింది. ఒక్క అడుగు వేసి చౌడిని ఎత్తుకుంది.

"రా చౌడమ్మా. నీ చెయ్యి చూపిచ్చు తల్లీ, ఈ అత్తలందరికీ భయం పోవల్ల."

"వద్దు యల్లక్కా, అది ఏడుస్తాది..." అంటూ పుష్పావతి లేచేసరికే యల్లక్క గౌను చెయ్యిని భుజం దాకా పైకి లాగేసింది.

చెయ్యి నున్నగా ఉంది.

యల్లక్క నవ్వు మొహంతోనే, "ఈ చెయ్యి కాదేమో" అని రెండో చెయ్యి తీసింది. అదీ నున్నగానే ఉంది. మళ్ళీ మొదటి చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పింది. పట్టుచీరలో తెగిన పోగు కోసం వెతికినట్టు, బొటనవేలితో రాసి రాసి వెతికింది. టీకా మచ్చ అలా వెతికితే కనబడేది కాదు. ఉంటే ఆమడ దూరం నుంచి కనిపిస్తుంది. లేదని చెప్పడానికి ఎవరికీ చదువు అక్కర్లేదు.

"ఏదీ పుష్పా?" అంది యల్లక్క. మెల్లగా అడిగింది.

ఆ క్షణంలో నిజం చెప్పినా ఎంతో కొంత మిగిలేది. మనిషి బుద్ధి చూడండి, మునిగిపోతూ కూడా ఇంకో అబద్ధం పట్టుకుంది పుష్పావతి. "చిన్నప్పుడు ఏయించింది గదా... మాసిపోయిందేమో" అంది.

"మాసిపోనీకి అదేమన్నా గోరింటాకా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఒకామె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వసారా అంతా పాకింది. పుష్పావతి మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక రంగమ్మ వైపు చూస్తే, రంగమ్మ తల వంచుకుని దీపం వత్తి సరిచేస్తోంది. చూసే దిక్కు లేకుండా పోయింది.

"ఏయించలేదు" అంది పుష్పావతి. "ఈ చీర దిగనీ, ఈ చీర దిగనీ అనుకుంటా ఉండిపోతి. మీకు అబద్ధం చెప్తి."

"చెప్పేవానికి వినేవాడు లోకువ అని ఊరికే అన్యారా?" అంటూ మూలనున్న ముసలామె మనవణ్ణి భుజాన వేసుకుని లేచింది.

యల్లక్క చౌడిని మెల్లగా కిందికి దింపింది. అరిచి ఉంటే పుష్పావతికి కాస్త ఊరటగా ఉండేది. యల్లక్క అరవలేదు.

"నా సంటిది జరంతో రేయింబగళ్ళు ఏడ్చినప్పుడు నువ్వు నా పక్కనే కూచుంటివి గదా. దాని చెయ్యికి విసురుతా కూచుంటివి. 'నా పాప కూడా ఇట్లనే ఏడ్చింది యల్లక్కా, తగ్గిపోతాది' అంటివి. ఆ పొద్దన్నా చెప్పకూడదా మే?"

ఆ మాట తాను అన్నట్టు పుష్పావతికి గుర్తుంది. ఎంత ప్రేమగా అన్నదో కూడా గుర్తుంది. ప్రేమతో చెప్పిన అబద్ధం కాబట్టే ఇప్పుడు అంత అసహ్యంగా తోచింది. నిలబడిన చోటే భూమిలోకి పోతే బాగుండు అనిపించింది.

యల్లక్క ఈశ్వరి రెక్క పట్టుకుని మెట్లు దిగిపోతుంటే పుష్పావతి ఒక్క ఉదుటున కూతుర్ని ఎత్తి రంగమ్మ ముందు కూర్చోబెట్టింది. "ఏయండమ్మా! ఇప్పుడే ఏయండి. వీళ్ళందరూ చూస్తాండంగానే ఏయండి" అంది.

రంగమ్మ బిళ్ళ తీసుకుంది. ఎడమ చేత్తో చౌడి దండచెయ్యి పట్టుకుంది. పట్టుకుని ఆగింది. బిళ్ళ కింద పెట్టి, బిడ్డ నుదుటి మీద, వీపు మీద, మెడ కింద చెయ్యి వేసి చూసింది. ఆమె మొహం మారిపోయింది. పెట్టె మూసేసి, పుష్పావతికి మాత్రమే వినబడేలా, "ఇంటికి పద" అంది.

దూరం నుంచి చూసినవాళ్ళకు కనిపించింది వేరు. "చూస్తిరా, చూస్తిరా! మన బిడ్డలకైతే ఏస్తారంట. ఆమె బిడ్డకు మాత్రం పెట్టె మూసినారు" అంది ఒకామె. అంతే, వసారా ఖాళీ అయింది. ఒక్క బిడ్డకు కూడా టీకా పడలేదు.

ఇంటికి వచ్చేసరికి చౌడి తల్లి భుజం మీద వాలిపోయి, నడుము నొస్తోందని మూలుగుతోంది. రంగమ్మ బిడ్డను చాప మీద పడుకోబెట్టి, నాలుక చూసి, కళ్ళు చూసింది.

"ఫ్లూ జ్వరమా అమ్మా మళ్ళీ?" అని అడిగింది పుష్పావతి. ఫ్లూ అయితే బాగుండునని ఒక తల్లి కోరుకునే రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"కావచ్చు. ఇంకోటీ కావచ్చు. రెండిటికీ మొదట్లో ఒకటే తీరు. ఒళ్ళు కాలుతుంది, నడుము లాగుతుంది. రెండు మూడు రోజులు పోతేగాని ఏదో తెలీదు" అంది రంగమ్మ. "ఈ మధ్య బిడ్డను యాడికైనా తీసకపోయినారా?"

"లేదమ్మా. పోయిన అమావాస్యప్పుడు మా అత్తతో పెనుకొండలో చుట్టాల ఇంటికి పోయి వచ్చింది. అంతే."

రాట్నం ఆగింది.

"పెనుకొండ కాదు" అంది కుళ్ళాయమ్మ. "తాడిమర్రి."

మగ్గం గుంతలో ముత్యాలప్ప చేతిలో నాడె అలాగే ఉండిపోయింది.

"నా కూతురి కొడుక్కు అమ్మ పోసిందని కబురొచ్చింది. మన ఇంట్లో పుట్టిన ఆడబిడ్డ ఇంటికి అమ్మ వస్తే పెరుగన్నం కలిపి తీసకపోవల్ల. అది చౌడి చేతి మింద పెట్టిస్తే అమ్మ చల్లబడ్తాది, దాని పేరే ఆ తల్లి పేరు గదా. నీకు చెప్తే పోనీయవని పెనుకొండ అని చెప్తి. పెట్టించి, ప్రసాదం తినిపించి పిల్చుకొస్తి."

"ఎట్ల తీసకపోతివి అత్తా?" పుష్పావతి కేక వీధిలోకి వినిపించింది. "టీకా లేని బిడ్డను అమ్మ ఉన్న ఇంట్లోకి ఎట్ల తీసకపోతివి?"

ముసలామె పొర కమ్మిన కళ్ళు కోడలి గొంతు వచ్చిన వైపు తిప్పింది. ఆ మొహంలో ఉన్నది తప్పు చేసిన బెదురు కాదు, ఏమీ అర్థం కాకపోవడం.

"టీకా లేదా? నువ్వే గదా వీధంతా చెప్తివి, ఇందుపురంలో ఏయించినా అని? నలుగురు నాతో అన్యారు. నాకు చెప్పకుండా ఏయించినావే అని మనసు కష్టమైంది. అయినా పోనీలే, చదువుకున్న పిల్ల, ఊరికే చేయదు అనుకొని నోరు మూసుకొంటి. ఫ్లూ అప్పుడు నువ్వు చెప్పినవన్నీ నిజమే అయినాయి గదా. టీకా పడిన బిడ్డను అమ్మ ముట్టదని నువ్వే చెప్తివి. నమ్మి తీసకపోతి. నా కండ్లకు మచ్చ యాడ కనబడ్తాది మే?"

పుష్పావతి చాప మీద బిడ్డ పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ టీకాకు అడ్డు అత్త అనుకుంది. ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే ఒప్పుకునేదేమో. అడగలేదు. తాను నిజం చెప్పి ఉంటే ముసలామె బిడ్డను ఇంట్లోనే ఉంచి పోయేది. చౌడిని ఆ ఇంటికి నడిపించుకుపోయింది కన్నతల్లి అబద్ధమే. తన మీద తనకే పుట్టిన సిగ్గుకు ఏడుపు కూడా రాలేదు.

రంగమ్మ పెట్టె దగ్గరికి లాక్కుంటూ, "పుష్పా, ఈ పొద్దు ఆ వసారాలో పాప ఎవరెవరి ఒళ్ళో కూచుంది?" అని అడిగింది.

"అందరి ఒళ్ళోనూ."

"పొక్కు కనబడకముందే అంటుకుంటుందో లేదో నేను చెప్పలేను. ఇప్పుడే టీకా పడితే మాత్రం ఆ బిడ్డలను కాపాడుకోవచ్చు. ఆలస్యమైతే మందుండీ ఏమీ చేయలేం. నేను పోతే తలుపులు తీయరు. నువ్వు పోతే తీస్తారో లేదో నాకు తెలీదు. అయినా చెప్పాల్సింది నువ్వే."

"అది పోదు" అంది కుళ్ళాయమ్మ. గోడ పట్టుకుని లేచి, తడుముకుంటూ వచ్చి కోడలి పక్కన నిలబడింది. "నేను పోతా. టీకా వద్దన్యది నేనే, బిడ్డను తీసకపోయింది నేనే అని చెప్తా. ముసలిదాని మాట, అందరూ నమ్ముతారు. రెండు తిట్లు తిడ్తారు, అంతే గదా. నువ్వు ఈ వీధిలో ఇంకా శానా కాలం తలెత్తుకోని తిరగల్ల."

ఎంత సులువైన దారి! వీధంతా నమ్ముతుంది. అత్తకు భయపడిన కోడలని జాలి కూడా పడుతుంది. పుష్పావతికి ఆశ కలగలేదని చెబితే అబద్ధమవుతుంది. ఈ కథలో ఇప్పటికే అబద్ధాలు చాలా అయ్యాయి. ఆశ కలిగింది. ముసలామె చెయ్యి పట్టుకుని సరేనందామన్నంత దాకా వచ్చింది. ఆ చేతి వేళ్ళకు ఫ్లూ రోజుల నాటి అలవాటుగా బూడిద అంటుకుని ఉంది. పోగు మెలిపెట్టడానికి వేలు నాలుకకు తాకించొద్దని తాను చెబితే, ఇన్ని నెలలైనా ఆ ముసలామె ఆ మాట దాటలేదు.

"వద్దత్తా" అంది. "నువ్వు బిడ్డ కాడ కూచో."

ముత్యాలప్ప గుంతలోంచి లేచాడు. దేవి చీర సగంలో ఉంది. నాడె తీసి గూట్లో పెట్టాడు.

పెరట్లోకి పోయి పుష్పావతి ఒక వేపమండ విరిచింది. వీధి తలుపుకు కట్టబోతే ముడి పడలేదు. ఎదుటివాళ్ళ తలుపులకు ఎన్ని కట్టించిందో! తన తలుపుకు కట్టడం ఇదే మొదలు. కట్టి, గడప దిగి, మిట్టమధ్యాహ్నపు ఎండలో నడివీధిలో నిలబడింది. ఆనాడు యల్లక్కను నిలబెట్టిన చోటు అదే.

"అక్కలారా!" అని గొంతెత్తింది. "నా బిడ్డకు జరం వచ్చింది. ఫ్లూ కావచ్చు, అమ్మ కావచ్చు. తాడిమర్రిలో అమ్మ పోసిన ఇంటికి పోయొచ్చింది. టీకా లేదు. నా అబద్ధం వల్లనే పోయింది. పొద్దున అది మీ అందరి బిడ్డలనూ ముట్టింది. నా మొగం చూడాకండి, నన్ను నమ్మాకండి. రంగమ్మ ఈడనే ఉంది, మీ బిడ్డలకు ఇప్పుడే టీకా ఏయించుకోండి!"

ఒక మగ్గం ఆగింది. పక్కది ఆగింది. చూస్తుండగానే వీధి పొడుగునా చప్పుడు చచ్చిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి, కానీ ఎవరూ గడప దిగలేదు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. యల్లక్క బయటికి వచ్చింది. పెద్దకూతురు ఈశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. యల్లక్క చూపు ముందు వేపమండ మీదికి, తర్వాత పుష్పావతి మీదికి పోయింది. వీధి సగం దాటి ఆగింది.

"ఒక్కటి చెప్పు పుష్పా. ఎప్పుడి నుంచి కాల్తాండాది బిడ్డ ఒళ్ళు? గుడి కాడికి వచ్చినాకనా, రాకముందేనా?"

ఇది ఎవరూ అడగని ప్రశ్న. రంగమ్మ అడగలేదు, అత్త అడగలేదు. వచ్చాకనే అంటే కాదనేవాళ్ళు ఈ లోకంలో లేరు. ఆ మెడ మీద చెయ్యి పెట్టింది తానొక్కతే.

"రాకముందే యల్లక్కా" అంది పుష్పావతి. "పొద్దున లేపినప్పుడే నా చేతికి తెలిసింది. తెలిసే పిల్చుకొస్తి."

యల్లక్క మెల్లగా కూతురి వైపు తల వంచింది. ఈశ్వరి పిడికిట్లో బొరుగుల ఉండ ముక్క ఇంకా మిగిలి ఉంది. జతగత్తెకు కూడా కావాలని దాచి ఉంచిందేమో, దాన్ని పుష్పావతి ఇంటి వైపు చాపి, "చౌడికి ఇయ్యనా అమ్మా?" అంది.

వెనక గడపలో నుంచి యల్లక్క మొగుడు, "పిల్లను తీసుకోని లోపలికి రామ్మే! టీకా లేదు, ఏమీ లేదు. తలుపు మూస్తాండా!" అని కేకేశాడు. ముందు గడపలో, వేపమండ కింద, రంగమ్మ పెట్టె తెరుచుకుని నిలబడి ఉంది. యల్లక్క కూతురి చెయ్యి పట్టుకుని ఎండలో అలాగే నిలబడిపోయింది.